మాయాజనుల పాతాళకూపములు



మన పెద్దలు సప్తసంతానములలో తటాకమును కూడ చేర్చి, చెరువు త్రవ్వించుట కొడుకును కనుటతో సమానమైన పుణ్యమని చెప్పిరి. బావియు, చెరువును, కోనేరును మనుష్యుడు చెమటోడ్చి సంపాదించుకొనవలసినవని మన యెరుక. అయితే మనుష్యుడు గునపము పట్టకయే భూమి తనంతట తాను నోరు తెరచి నీరు చూపిన దేశమొకటి కలదు. ఆ నీటివలన నచ్చట నగరములు వెలసినవి. ఆ నీటికొఱకే ప్రాణములు పోయినవి. తుదకు రాజ్యములును పోయినవి. ఆ చరిత్రను సంగ్రహముగా మనవి చేయుదును.

ఆ దేశము పేరు యుకాతాన్. ఉత్తర అమెరికాఖండమున, మెక్సికో దేశమునకు ఆగ్నేయభాగమున, మూడువైపుల సముద్రముగల ద్వీపకల్పమది. అచ్చటి మూలజనులు మాయా అను జాతివారు. ఈ పేరు వినగానే మన వేదాంతములోని మాయయో, మయసభను నిర్మించిన మయుడో తలపునకు వచ్చుట సహజము. కొందఱు గ్రంథకర్తలు ఈ మాటనుబట్టి లేని చుట్టఱికములు కల్పించిరి కూడ. శబ్దసామ్యము తప్ప అందుకు వేఱు ఆధారమేమియు లేదు. ఆ జాతివారు తమ లిపిని, తమ పంచాంగమును, తమ గణితమును తామే కల్పించుకొనిన బుద్ధిమంతులు. వారి గొప్పతనమునకు మన యెరువు అక్కఱలేదు.

యుకాతాన్ ఉత్తరభాగమొక బల్లపరుపు మైదానము. వానలు మే నెల మొదలు అక్టోబరు వఱకు చక్కగనే కురియును. అయినను ఆ మైదానమున వెదకి చూచినను ఒక్క నది కానరాదు. కారణమేమనగా, ఆ దేశమంతయు సున్నపురాతి పలక. దానిమీద మన్ను జానెడైనను ఉండని తావులు మెండు. పడిన వాన పడినట్లే రాతిసందులలో దిగి లోపల ప్రవహించును. ఆకాశమునుండి దిగునప్పుడును, మన్నులో ఇంకునప్పుడును వాననీరు బొగ్గుపులుసు వాయువును గ్రహించి కొంచెము పులుపెక్కును. ఆ పులిసిన నీరు సున్నపురాతిని మెల్లమెల్లగ కరగించును. సన్నని పగులు సొరంగమగును, సొరంగము గుహయగును. గుహ మీది కప్పు పలుచబడి, ఒకనాడు బరువోపలేక కూలును. అప్పుడు అడుగుననున్న నీరు సూర్యుని చూచును. అట్టి సహజకూపమును మాయావారు 'త్సోనోత్' అనిరి. ఆ మాట పలుకలేక స్పెయిను దేశస్థులు 'సెనోటె' యనిరి. నేడు లోకమంతటను ఈ పేరే వాడుక.

ఇట్టి పని మన సీమయందును జరిగినదే. నేటి నంద్యాల జిల్లాలో, కొలిమిగుండ్ల సమీపమున బెలుం గుహలు గలవు. సున్నపురాతిని నీరు తొలుచగా నేర్పడిన ఆ గుహలు రెండు మైళ్ళ పొడవున వ్యాపించియున్నవి. అందు మిక్కిలి లోతైన తావునకు పాతాళగంగ యని పేరు. మన గుహలలో నీరు చాలవఱకు తొలగి దారి మిగిలినది. యుకాతానులో దారి నీట మునిగియున్నది. భేదమింతియే. పూర్వము భూమిపై మంచు పేరుకొనియున్న కాలమున సముద్రము నేటికంటె 300 అడుగులకు మించి దిగువనుండెను. అప్పుడు ఆ గుహలు కూడ పొడిగానుండి, కప్పులనుండి రాతియూడలు దిగినవి. తరువాత మంచు కరగి సముద్రము పొంగగా భూగర్భజలమును పైకి లేచి గుహలను నింపెను. 2018వ సంవత్సరమున ఈతగాండ్రు రెండు గుహామార్గములు కలియుట కనుగొనిరి. దానితో సక్ అక్తున్ అను ఒక్క జలమార్గమే సుమారు 215 మైళ్ళ పొడవని తేలినది.

ఈ కూపములయందు మఱియొక వింత కలదు. వాయవ్యభాగమున నున్న కూపములను పటముమీద గుర్తించి చూడగా అవి అర్ధచంద్రాకారమున వరుసతీరి కనిపించును. మనుష్యులెవ్వరును అట్లు తీర్చలేదు. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరములకు పూర్వము, ఆఱు మైళ్ళ వెడల్పుగల యొక యంతరిక్షశిల అచ్చట పడెను. ఆ దెబ్బకు 110 మైళ్ళ వెడల్పున గొయ్యి యేర్పడెను. భూమిమీద రాక్షసిబల్లులు నశించిన యుపద్రవమిదియే. తరువాతి యుగములలో ఆ గొయ్యి సున్నపురాతి పొరలక్రింద పూడిపోయెను. కాని దాని యంచు వెంబడి రాయి పగులువాఱి, నీటికి దారి యేర్పడి, కూపములు వరుసగా పుట్టినవి. చమురు వెదకువారు 1978లో ఈ గొయ్యి జాడ కనిపెట్టిరి. 1991లో శాస్త్రజ్ఞులు దానిని స్థిరపఱచి ప్రకటించిరి. సమీపముననున్న యూరినిబట్టి దానికి చిక్షులూబ్ అని పేరు వచ్చినది. ఆకాశము పగులగొట్టిన నేలలో మాయావారు నీరు త్రాగిరన్న మాట.

మాయావారికంటె ఎంతయో పూర్వమే మనుష్యులు నీటికై ఈ గుహలలో తిరిగిరి. 2007లో ఈతగాండ్రు నీట మునిగిన యొక చీకటి గోతిలో పదునైదు పదునాఱేండ్ల బాలిక యస్థులను కనుగొనిరి. ఆ తావునకు వారు నల్లగొయ్యి యని పేరు పెట్టిరి. ఆ బాలిక 12,000 ఏండ్లకు పూర్వముది. గుహ యెండియున్న కాలమున, చీకటిలో కాలుజారి ఆమె పడిపోయినట్లు పండితులు తలంచుచున్నారు. అమెరికాఖండమున దొరికిన మిక్కిలి ప్రాచీనమైన నరాస్థులలో నివి యొకటి.

ఇక చరిత్రకాలమునకు వత్తము. నీరు ఎచ్చట పైకి కనిపించునో అచ్చటనే యూరు. ఇది యుకాతానులో చాలవఱకు నియమము. ఊరిపేర్లే సాక్ష్యము. 'చిచెన్ ఇట్జా' యనగా ఇట్జా జనుల నూతివాకిలి యని యర్థము. క్రీస్తుశకము తొమ్మిదవ శతాబ్దము మొదలు పదునొకండవ శతాబ్దము వఱకు ఆ నగరము ఉత్తర యుకాతానునకు తలమానికమై వెలసెను. అందు రెండు ప్రసిద్ధ కూపములు గలవు. మొదటిది ష్తోలోక్, అది నగరము నడుమనుండి, త్రాగునీటికి ఉపయోగపడెడిది. రెండవది పవిత్రకూపము. దాని వెడల్పు సుమారు 200 అడుగులు. అంచులు గోడవలె నిలువుగా దిగును. నీరు 70 అడుగుల లోతున పచ్చగా నుండును. పెద్ద గుడియున్న ప్రాంగణమునుండి దానివఱకు 900 అడుగుల పొడవున రాతిబాట వేసిరి. దాహమునకు ఒక నూయి, దైవమునకు ఒక నూయి. నీటిని ఎఱిగిన జాతివారు తప్ప ఇట్టి విభాగము చేయరు.

ఆ దైవము పేరు చాక్. వానదేవుడు. గుహలును కూపములును అతని నివాసములని మాయావారి విశ్వాసము. వాన తప్పినప్పుడు అతని వాకిట మ్రొక్కుబడులు చెల్లించెడివారు. ఏమి చెల్లించిరన్నదే చిక్కు ప్రశ్న.

దీనిని గూర్చి వ్రాసినవారిలో ముఖ్యుడు దియేగో దె లాందా యను స్పెయినుదేశపు మతగురువు. ఇతడు సుమారు 1566లో యుకాతాను విషయములను గూర్చి యొక గ్రంథము వ్రాసెను. అనావృష్టికాలమున బ్రతికియున్న మనుష్యులను ఆ కూపములో పడవేసెడివారనియు, వారు మరల కనబడకున్నను చావరని నమ్మెడివారనియు, విలువగల వస్తువులను కూడ వేసెడివారనియు అతడు చెప్పెను. ఆ వ్రాతప్రతి చాలకాలము మఱుగునబడి, 1862లో మాద్రిదు నగరమున దొరికి, 1864లో అచ్చుపడెను.

దానిని చదివి ఆశపడినవాడు ఎడ్వర్డ్ థాంప్సన్ అను అమెరికా సంయుక్తరాష్ట్రముల రాయబార్యుద్యోగి. ఇతడు 1894లో చిచెన్ ఇట్జా యున్న భూమినే కొనెను. 1904 మొదలు కొన్ని సంవత్సరములపాటు కూపము గట్టున బురద తోడు యంత్రమును నిలిపి అడుగు దేవించెను. 1909లో గ్రీసుదేశపు ఈతగాండ్రతో కూడి తానును నీట దిగెను. పచ్చరాతి పూసలు, బంగారు తట్టలు, రాగిగజ్జెలు, కొయ్యబొమ్మలు, వస్త్రఖండములు, సాంబ్రాణివంటి కోపాల్ ధూపపు ముద్దలు, నరాస్థులు బయటపడినవి. యుకాతానులో బంగారు గని లేదు, పచ్చరాయియు పుట్టదు. రాయి నేటి గ్వాతెమాలానుండియు, బంగారము నేటి కోస్తారికా, పనామా దేశముల నుండియు వచ్చెను. దీనినిబట్టి ఆ కూపమునకు ఎంత దూరపు జనులు మ్రొక్కిరో ఊహింపదగును. చాల వస్తువులు నీట వేయుటకు ముందే విఱుగగొట్టబడియుండెను. దేవునికి ఇచ్చినది మరల మనుష్యుని చేతికి పనికిరాకుండ చేయుట వారి యాచారము.

అడుగున 14 అడుగుల మందమున నీలపు బురద కూడ కనబడెను. బలివస్తువులకు పూసిన నీలిరంగు శతాబ్దములపాటు కడిగి దిగి అట్లు పేరుకొనినదని 2008లో పండితులు నిరూపించిరి. ఆ రంగు నీలిమొక్క రసమును ఒక తెల్లని మన్నుతో కలిపి కాచి చేసినది. మన కడపసీమలో ఒకప్పుడు పండించిన నీలికి అది చుట్టమైన మొక్కయే.

థాంప్సన్ ఆ సొమ్మును అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయపు పీబాడీ వస్తుశాలకు చేర్చెను. మెక్సికో ప్రభుత్వమువారు 1926లో అతని భూమిని జప్తుచేసి వ్యాజ్యము వేసిరి. వ్యాజ్యము నడుచుచుండగనే 1935లో అతడు మరణించెను. 1944లో మెక్సికో సర్వోన్నత న్యాయస్థానము, నాటి చట్టమునుబట్టి అతనిది నేరము కాదని తీర్పు చెప్పెను. అయినను చట్టము విడిచినదానిని ధర్మము విడువలేదు. 1970లో కొన్ని వస్తువులును, 2008లో మఱికొన్నియు మెక్సికోకు తిరిగి చేరినవి.

ఈ త్రవ్వకములనుండి లోకమున నొక కథ వ్యాపించెను. సుందరులైన కన్యకలను అలంకరించి నూతిలో త్రోసిరని పత్రికలు వ్రాసెను, చిత్రకారులు చిత్రించిరి. పిల్లలకు చెప్పు పాఠములలో కూడ ఆ కథ చొచ్చినది. కాని యెముకలు కథకుల మాట వినలేదు. పరీక్షించిన వైద్యపండితులకు అందు పురుషులును, స్త్రీలును, పెక్కుమంది పసిపిల్లలును కనబడిరి. ఇంతలో 1967లో ఆ పవిత్రకూపమునకు సమీపముననే నేలలోని యొక తొట్టియందు నూఱుమందికి పైగా పిల్లల యస్థులు దొరికెను. వారిలో 64 మంది యస్థులనుండి వంశబీజలక్షణములను పరీక్షించి 2024లో ఫలితమును ప్రకటించిరి. అందఱును మగపిల్లలే! పెక్కుమంది మూడేండ్లకును ఆఱేండ్లకును నడిమివారు. అందు దగ్గఱి రక్తసంబంధము గలవారు పలువురు. ఒకే పోలికగల కవలపిల్లలు రెండు జంటలు. పాతాళమునకు దిగిన కవలవీరుల గాథ మాయావారి పురాణమునందు కలదు. ఆ గాథకును ఈ కవలల బలికిని సంబంధమున్నదేమో యని పండితుల యూహ.

మహాశయులారా! కన్యక యని విన్నప్పుడు మనకు కథ వినుచున్నట్లుండును. మూడేండ్ల కొడుకు అని విన్నప్పుడు అట్లుండదు. చరిత్రపండితుని పని అందమైన యసత్యమును తొలగించి, దుఃఖకరమైన సత్యమును ఉన్నదున్నట్లు చూపుట. ఇందువలన మాయావారు క్రూరులని తేల్చుటయు తగదు. ఆ పరీక్షయందే మఱియొక సంగతి బయలుపడినది. సమీపగ్రామమున నేడు కాపురమున్న మాయాజనుల రక్తమును పోల్చి చూడగా వారు ఆ ప్రాచీనుల సంతతివారని తేలెను. ఆ పిల్లల చుట్టములు ఇంకను ఆ నేలనే దున్నుచున్నారు, మొక్కజొన్న పండించుచున్నారు.

అంతటి బలి ఇచ్చుటకు పురికొల్పిన భయమెట్టిది? దీనికి సాక్ష్యము గుహలలోనే దొరికినది. కప్పునుండి దిగు రాతియూడల క్రింద, చుక్కచుక్కగా పడిన నీటివలన దిమ్మలు పెరుగును. వాటి పొరలు ఏ యేట వాన కురిసెనో, ఏ యేట తప్పెనో లెక్కపుస్తకమువలె చూపును. యుకాతానులోని యొక గుహనుండి తీసిన యట్టి దిమ్మను చదివి 2025లో ప్రకటించిన దేమనగా, 871వ సంవత్సరమునకును 1021వ సంవత్సరమునకును నడుమ ఎనిమిది గొప్ప అనావృష్టులు వచ్చినవి. అందొకటి 13 ఏండ్లు విడువకుండ నడచెను. మన డొక్కల కరువు తాతలనాటి కథగా విన్నవారికి, పదుమూడేండ్ల కరువన నేమో వివరింప పనిలేదు. దక్షిణారణ్యములయందలి మాయానగరములు, కూపములు లేక చెరువుల నీటినే నమ్మినవి, తొమ్మిదవ శతాబ్దమున పాడుపడినవి. నూతులుగల ఉత్తరదేశము మఱికొంతకాలము నిలిచెను. వాన తప్పినచో నూయి కాపాడును. పంట తప్పినచో నూయి యేమి చేయగలదు?

చిచెన్ ఇట్జా క్షీణించిన తరువాత మాయపాన్ అను నగరము తలయెత్తెను. హునాక్ కేల్ అను నతడు పవిత్రకూపమున పడి, ప్రాణములతో పైకి వచ్చి, దేవుని మాట తెచ్చితినని చెప్పి ప్రభువయ్యెనని మాయావారి వృత్తాంతములు చెప్పుచున్నవి. పదునైదవ శతాబ్దము నడుమ మాయపానును పాలించు కొకోము వంశమువారిని షియూ వంశమువారు మట్టుపెట్టిరి. నగరము పాడువడెను, రెండు వంశములకును పగ మిగిలెను.

ఆ పగ ఫలించినది నూతిత్రోవలోనే. 1536లో వానలు లేక దేశమంతయు అల్లాడుచుండగా, షియూవారి పెద్దలు చిచెన్ ఇట్జా పవిత్రకూపమునకు మ్రొక్కు తీర్చుకొనుటకు బయలుదేఱిరి. దారి కొకోమువారి సీమ మీదుగా పోవలయును. అనుమతి యడిగిరి. కొకోమువారు అనుమతి ఇచ్చిరి, ఎదురేగి సత్కరించిరి, ఓట్స్‌మాల్ అను తావున విడిది ఏర్పఱచి విందు చేసిరి. పిమ్మట అతిథులను, యాత్రికులను అచ్చటనే చంపిరి.

అప్పటికి స్పెయినువారు రెండుమార్లు దండెత్తి, ఓడి, దేశము విడిచిపోయియుండిరి. వానకొఱకు ఒక్కటిగా నడువవలసిన జనము ఈ హత్యతో రెండుగా చీలెను. స్పెయినువారు మరల వచ్చి 1542వ సంవత్సరము జనవరి 6వ తేదీన మెరిదా నగరమును స్థాపించిరి. షియూవారు వారితో చేరిరి; కొకోమువారు పోరాడి ఓడిరి. చేరినవారైనను సుఖపడిరా? షియూవారి ముఖ్యపట్టణము మానీ. ఇరువదేండ్లు గడిచిన పిదప, 1562 జులై 12వ తేదీన, ఆ మానీయందే లాందా గురువు మాయావారి దేవతాప్రతిమలను, వ్రాతపుస్తకములను ప్రోగుచేయించి తగులబెట్టించెను. నూతిని గూర్చి మనకు తెలియజెప్పిన లాందా యితడే. నేడు లోకమునందు మాయావారి ప్రాచీనపుస్తకములు నాలుగు మాత్రమే మిగిలినవి. ఒక చేతితో ఆ జాతి విద్యను కాల్చినవాడు, రెండవ చేతితో ఆ జాతిని గూర్చి వ్రాసిపెట్టెను. అతని గ్రంథమును చదువుట తప్పదు. నమ్ముటయందు జాగ్రత్తయు తప్పదు.

రాజ్యములు మాఱినను దాహము మాఱలేదు. 1841–42లో జాన్ లాయిడ్ స్టీఫెన్స్ అను యాత్రికుడు, చిత్రకారుడైన కాథర్వుడ్డుతో బొలొంచెన్ అను ఊరికి పోయెను. ఆ పేరునకు తొమ్మిది నూతులని యర్థము. ఆ తొమ్మిదియు ఎండినప్పుడు ఊరివారు సమీపముననున్న పాతాళగుహకు పోయెడివారు. దుంగలను తీగలతో బిగించి కట్టిన మహానిచ్చెన వెంబడి చీకటిలోనికి దిగి, వీపున కుండలు మోసికొని పైకి ఎక్కెడివారు. ప్రతి నీటిబొట్టునకు ఇంత శ్రమ. కాథర్వుడ్డు ఆ నిచ్చెనను చిత్రించిన పటము నేటికిని ప్రసిద్ధము.

ఇప్పుడు యంత్రములు నీరు తోడుచున్నవి. నిచ్చెన శ్రమ తగ్గినది. భయము వేఱు రూపమున వచ్చినది. ఆ దేశపు భూగర్భజలమున మంచినీరు పైపొరగాను, సముద్రపు ఉప్పునీరు అడుగునను ఉండును. తోడకము మితిమీఱినచో ఉప్పు పైకి వచ్చును. నదీజలము ఇసుకలో వడిసి తేటపడును. సున్నపురాతి సొరంగమున వడియుట లేదు. ఒక ఊరి మురికి మఱియొక ఊరి నూతిలో తేలును. పైనుండి చూచినచో నూతులు వేయి; లోపల నీరు ఒక్కటే.

ఈ సత్యమును హోమూన్ అను చిన్న ఊరివారు గ్రహించిరి. కూపవలయముననున్న ఆ ఊరిదాపున 49,000 పందులను పెంచు కర్మాగారము కట్టిరి. 2017లో ఊరివారు కూడి, అభిప్రాయములు లెక్కించి, మాకు వలదనిరి. వినకపోగా, ఆ యూరి మాయా బాలబాలికలే వాదులై న్యాయస్థానమున నిలిచిరి. 2018లో న్యాయమూర్తి కర్మాగారమును ఆపుచేసెను. 2021లో సర్వోన్నత న్యాయస్థానము ఆ యాజ్ఞను స్థిరపఱచెను. పూర్వము ఆ దేశమున నీటికై పిల్లలను బలియిచ్చిరి. నేడు అదే జాతి పిల్లలు నీటికై పెద్దలను న్యాయస్థానమునకు పిలిచిరి.

మన ఊళ్ళలో బావిగట్టు తగవులు లేకపోలేదు. ఒకరి గొట్టపుబావి లోతు పెరిగిన కొలది ప్రక్కవాని బావి యెండుటయు మన మెఱుగనిది కాదు. ఊరిలో మాట చెల్లుబడియగు పెద్దలు మీరు. ఓట్స్‌మాల్ విందును, హోమూన్ పిల్లలను రెంటిని తలచుకొని, మీ బావుల తగవు మీ రచ్చబండమీదనే తీర్చుకొనుడని వేడుకొనుచు విరమించుచున్నాను.